పసుపునీళ్లు పడ్డ కంప్యూటర్

మొన్న దసరాకు మా ఆయన కంప్యూటర్‌ను చంపినంత పని చేశాడు.

అశ్వారావుపేటలో మాకు ఫొటో స్టూడియో ఉండేది. ఆయన పెళ్లిళ్లకు పోయి ఫొటోలు తీసేవాడు, నేను కూర్చుని వాటిని కంప్యూటర్లో దిద్ది ఆల్బమ్ మిక్సింగ్ చేసేదాన్ని. అందరి చేతుల్లోకీ ఫోన్లొచ్చాక గిరాకీ పడిపోయి షాపు ఎత్తేశాం. ఆయన పామాయిల్ ఫ్యాక్టరీలో చేరాడు. చుట్టుపక్కల ఊళ్ల పెళ్లిళ్లన్నీ ఉన్న కంప్యూటర్ మాత్రం ఇంటికొచ్చింది.

ఏటా దసరాకు స్కూటర్, కెమెరా, కంప్యూటర్ వరసగా పెట్టి పూజ చేస్తాం. బొట్లు నేను పెడతాను, పసుపునీళ్లు ఆయన చల్లుతాడు. నడుస్తున్న మిషన్‌కే పూజ చేయాలని ఆయన పట్టు. ఈసారి మామిడాకుతో చల్లింది చాలదన్నట్టు చెంబు వంచి కంప్యూటర్ డబ్బా పైనున్న జాలీ మీదే పోశాడు. టప్పుమని పొగ లేచింది.

"నిమ్మకాయ గూడ పెట్టినం గదనే, గిట్లెట్లయింది?" అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. పండగపూట నోరు జారకూడదని పళ్లు బిగబట్టాను. రెండు నిమిషాలు కాగానే అనాల్సినవన్నీ అనేశాను. నిజానికి నా కోపమంతా నా మీదే.

పండగకు వారం ముందు భద్రాచలం దగ్గరి ఊరి నుంచి ఒకామె వచ్చింది. భర్త పోయి రెండేళ్లయింది. దీపావళి దాటాక కూతురి పెళ్లి. పక్కన కుర్చీలో నాన్న ఫొటో ఉంటేనే పీటల మీద కూర్చుంటానని పిల్ల పట్టుబట్టిందట. ఇంట్లో ఉన్న ఒక్క ఆల్బమూ గోదావరి వరదలో నాని ముద్దయింది. ఆ పోయినాయన చెల్లెలి పెళ్లికి ఫొటోలు తీసింది మేమే. వెతికితే గంట పని. నేనేమో పిండివంటల హడావిడిలో, పండగ పోనీ చూద్దాం అని పంపించేశాను. రెండో చోట కాపీ పెట్టుకోవాలన్న బుద్ధి ఇన్నేళ్లలో నాకు ఒక్కసారీ పుట్టలేదు.

మర్నాడే అటక మీది మా మొదటి కంప్యూటర్‌ను దింపించాను. లోపలి దుమ్మూ బల్లిగుడ్లూ తుడిచి, కాలినదాని హార్డ్ డిస్క్ విప్పి దీనికి తగిలించాను. స్విచ్ వేయబోతుంటే మా ఆయన దేవుడి గూటి వైపు కదిలాడు.

"చెంబు ముట్టినవో చూడు," అన్నాను. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

డిస్క్ తిరిగింది. ఊళ్ల పేర్లతో ఫోల్డర్లు ఒక్కొక్కటే తెర మీదికొస్తుంటే నాకు ఏడుపాగలేదు.

ఇక ఆ పాత కంప్యూటర్‌కు విశ్రాంతి లేదనుకున్నాను. కొత్త డిస్కులు రెండు కొనుక్కొచ్చి, వీడియోలు చూసుకుంటూ ఉచితంగా దొరికే సర్వర్ సాఫ్ట్‌వేర్ ఎక్కించాను. ఒక డిస్కులో పడింది రెండోదాంట్లోనూ పడుతుంది. పాతవన్నీ అందులోకి ఎక్కడానికి రెండు రోజులు పట్టింది. ఇప్పుడది మెట్ల కింద బియ్యం డబ్బా పక్కన సన్నగా గుయ్యిమంటూ ఉంటుంది. మా ఫోన్లలోని ఫొటోలు కూడా వాటంతటవే అందులోకి పోతాయి. ఆ చప్పుడు వింటూ వంట చేసుకోవడం నాకు హాయిగా ఉంటుంది.

ఆ చెల్లెలి పెళ్లి ఫోల్డర్ తెరిచాను. ముఖం నాకు గుర్తే, కానీ గ్రూపు ఫొటోల్లో ఎక్కడా అన్న లేడు. చెల్లెలి పక్కన నిలబడి ఒక్క ఫొటో దిగలేదా ఈ మనిషి అని విసుక్కున్నాను. చివరికి భోజనాల బంతిలో దొరికాడు. తలకు తువ్వాలు, ఒక చేతిలో సాంబారు బకెట్, ఇంకో చేతిలో గరిటె, ముఖం నిండా నవ్వు. నేను మిక్సింగ్ అలవాటు కొద్దీ బకెట్ తీసేసి, తువ్వాలు తీసేసి, నల్లకోటు తొడిగి, వెనక నీలం రంగు వేశాను.

పెళ్లికూతురి తల్లి వచ్చి చూసింది.

"మంచిగనే ఉన్నడు గాని, మా ఆయన లెక్క లేడక్కా," అంది.

అసలు ఫొటో తీసి చూపించాను. తెర మీద చెయ్యి పెట్టింది.

"గిదే ఇయ్యి. అందరు తిన్నంకనే తినేటోడు. బకెట్ తియ్యకు."

పెళ్లికి మేమిద్దరం పోయాం. కుర్చీలోని ఫొటోలో పిల్ల తండ్రి బకెట్‌తోనే ఉన్నాడు. చూసినవాళ్లంతా నవ్వారు, కళ్లు తుడుచుకున్నారు. తాళి కట్టడం అయ్యాక, మొదటి బంతి కూర్చోకముందే పిల్ల ఆ కుర్చీ ముందు విస్తరి వేయించి, తన చేత్తో అన్నం పెట్టి సాంబారు పోసింది.

తల్లి నా చెయ్యి పట్టుకుంది.

"ఇయ్యాల ముందుగాల తిన్నడక్కా," అంది.