కాయలబండ మీద అద్దాలు

కన్నడసీమలో ఉన్న ఆ తెలుగు ఊరికి పడమర, అరసికెరె దారిలో, నున్నటి నల్లబండ ఒకటి చాప పరిచినట్టు ఉండేది. దాన్ని కాయలబండ అనేవాళ్లు. పొలమూ కళ్లమూ ఉన్నవాళ్లకు దానితో పని లేదు. ఆ రెండూ లేనివాళ్లకే అది కావాలి. అందుకే దాని గురించి ఊళ్లో ఎవరూ పెద్దగా మాట్లాడేవాళ్లు కాదు.

ఓబమ్మ పుట్టిందీ మెట్టిందీ గొర్రెల మందలున్న ఇళ్లే. ఎనభై ఐదు కరువులో మేత లేక మంద కళ్ల ముందే కూలిపోయింది. మిగిలిన నాలుగు జీవాలనూ వచ్చినకాడికి అమ్మేసి, ఆమె మొగుడు బోరయ్య కూలికి దిగాడు. ఓబమ్మ చిన్నపార చేతబట్టి కాయలేరడానికి దిగింది. రైతు వేరుశెనగ చెట్టు పీక్కుపోయాక మట్టిలో మిగిలిన కాయ తవ్వుకున్నవాళ్లది. అది ఊరి కట్టుబాటు, ఎంత పిసినారి రైతైనా కాదనడు. పొద్దంతా తవ్వడం, కొంగున మూటగట్టడం, పచ్చికాయను తెచ్చి బండ మీద పరచడం. కింద రాయి కాలేది, పైన ఎండ కాసేది. కాయను చెవి దగ్గర ఊపితే గలగలమనాలి, అప్పుడే గోతానికెత్తేది. సంగటిలోకి పొడి, గానుగలో నూనె, అమ్మకానికి కాస్త. ఏడాదంతా ఆ ఇంటి పొయ్యి వెలిగిందంటే ఆ బండ పుణ్యమే.

ఒక రాత్రి బోరయ్య నీళ్లబావి సందులో పామును తొక్కాడు. ఊళ్లో కరెంటు స్తంభాలుండేవి గానీ, కరెంటు చుట్టం లాగా ఎప్పుడో వచ్చి పోయేది. లాంతరు వెతికి తెచ్చేలోపే అతని నోట నురగ వచ్చింది. ఆ తర్వాత ఓబమ్మకూ, కూతురు మారెమ్మకూ మిగిలిన ఆధారం చిన్నపారా, కాయలబండా.

ఆ మరుసటేడు ఒక ఆఫీసరు జీపులో దిగాడు. ఎండతో కరెంటు తీసే అద్దాలు పెడతామన్నాడు. వీధికో దీపం, బడిలో టీవీ. పొగ లేదు, బొగ్గు లేదు, ఎవరి పొలమూ పోదు. గుమ్మడికాయ కొనేవాడిలా బండను బూటుకాలితో తట్టి చూసి, "ఇక్కడ ఏమీ పండదు కదా, ఇదే సరైన చోటు" అన్నాడు కన్నడంలో. ఊరి పెద్ద ఆదెప్ప తల ఊపాడు. ఆయన వెనక ఊరంతా ఊపింది. పండని చోటని చెప్పడానికి ఆఫీసరుకు ఒక్క పూట పట్టింది. ఆ పూట బండ మీద ఓబమ్మ కాయలు ఎండుతూనే ఉన్నాయి.

పంచాయితీలో ఓబమ్మ ఒక్కతే లేచింది.

"బండ పోతే మా కాయలు యాడ ఎండేసేది? ఇంకో జాగా చూడండప్పా."

నవ్వులు లేచాయి. ఆదెప్ప పెళ్లాం యశోదమ్మ మాత్రం నవ్వలేదు. ఆమె మంచిదే, అందుకే ఆమె అన్న మాట ఇంకా గట్టిగా తగిలింది.

"ఓబమ్మా, నీ మొగుడు పోయింది చీకట్లోనే కదమ్మా. దీపాలు వద్దని నువ్వే అంటే ఎట్ల?"

దీపం వద్దని ఓబమ్మ ఎప్పుడన్నది? బండ కావాలన్నది, అంతే. కానీ అందరూ తనవైపే చూస్తుంటే, మొగుణ్ణి చంపిన చీకటి వైపు తనే నిలబడ్డట్టనిపించింది. కూర్చుంది.

"మా కళ్లం ఉండాది గదా. ఆడ ఏస్కో. నేను వద్దంటానా?" అన్నాడు ఆదెప్ప.

అద్దాలు వచ్చాయి, చుట్టూ ముళ్లకంచె వచ్చింది. మొదటిరోజు నీళ్లబావి సందులో దీపం వెలిగినప్పుడు ఓబమ్మ అక్కడే నిలబడి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆ వెలుగు రెండేళ్లు ముందొచ్చుంటే! దాన్ని తిట్టడానికి ఆమెకు నోరు రాలేదు.

కాయల కాలం వచ్చింది. ఆదెప్ప మాట తప్పే మనిషి కాదు, కాకపోతే ఆయన కళ్లంలో ముందు ఆయన కాయ ఆరాలి. అది న్యాయమే. ఆ కాయ ఆరేలోగా ముసురు పట్టింది. ఓబమ్మ పచ్చికాయలు మూటల్లోనే వేడెక్కి బూజుపట్టాయి. షావుకారు ఒక గింజ కొరికి తుపుక్కున ఉమ్మేశాడు. ఆ ఏడు తల్లీకూతుళ్లు సంగటిలో చేదుపొడే అద్దుకు తిన్నారు.

పాపమని తలచి కాబోలు, ఆదెప్ప అద్దాల మీద దుమ్ము తుడిచే పని ఆమెకు ఇప్పించి, కంచె తాళంచెవి చేతికిచ్చాడు. తన బండ మీదకు తను కూలిగా పోయింది ఓబమ్మ. మరుసటి కాయల కాలంలో అద్దాల వరసల మధ్య కాయలు పరిచింది. నీడ జరిగేకొద్దీ కాయల్ని ఎండలోకి జరుపుకునేది. ఎవరికీ చెప్పలేదు, ఎవరినీ అడగలేదు. తన చోట తను ఎండేసుకోవడానికి ఎవరినడగాలి?

ఆ తర్వాత వచ్చిన ఎండాకాలంలో దీపాలు మిణుకుమిణుకుమని ఆరిపోయాయి. ఆఫీసరు మళ్లీ వచ్చి, పగటి కరెంటును రాత్రికి దాచే బ్యాటరీల పెట్టెలు తెరిచాడు. వాటిలో పట్నం నుంచి తెచ్చిన బ్యాటరీ నీళ్లు పోయిస్తుండాలి. అది ఆదెప్ప ఒప్పుకున్న పని. ఆయన మరిచిపోయాడు. ఊళ్లో బావులతోపాటు బ్యాటరీలూ ఎండిపోయాయి. "నీళ్లు పోయక పాడైపోయాయి. ఇవి పనికిరావు, కొత్తవి మంజూరు కావాలి" అన్నాడు ఆఫీసరు ఆదెప్పతో. పక్కనే అద్దం తుడుస్తున్న ఓబమ్మ ఆ మాట విన్నది.

సాయంత్రానికి ఊళ్లో ఇంకో మాట తిరిగింది. ఓబమ్మ కాయలకు ఎలుకలొచ్చాయట, ఎలుకలు వైర్లు కొరికాయట, దీపాలు పోయాయట. నలుగురూ ఆమె గుడిసె ముందుకొచ్చారు. వాళ్లతో ఆదెప్పా ఉన్నాడు.

"నువ్వన్నా చెప్పు ఆదెప్పన్నా. ఆఫీసరు ఏమన్నాడో నువ్వూ విన్యావు గదా. బ్యాటరీల్లో నీళ్లు ల్యాకనే పాయె" అంది ఓబమ్మ.

ఆదెప్ప తువ్వాలు దులిపి భుజానేసుకున్నాడు.

"ఇప్పుడు అదంతా ఎందుకులేమ్మా. తాళంచెవి ఇచ్చేయ్" అన్నాడు.

కొత్త బ్యాటరీలు రాలేదు. కంచె మాత్రం సర్కారుది కాబట్టి ఎవరూ ముట్టరాదు. అద్దాల మీద దుమ్ము పేరుకుంది, దీపం లేదు, బండా లేదు. కొన్నాళ్లకు సందులో దీపం ఎందుకు వెలగదని పిల్లలడిగితే, ఓబమ్మ ఆర్పిందని తల్లులు చెప్పడం మొదలుపెట్టారు. మొగుణ్ణి చీకటికి పోగొట్టుకున్న మనిషి గురించి, ఆ మాట!

ఆ తర్వాత ఆమె తారురోడ్డు అంచున కాయలు పరిచేది. బస్సులు సగం తొక్కేవి, మిగతా సగం ముసురులో నానేది. ఒక మబ్బుపూట ఆదెప్ప అటుగా వచ్చి ఆగాడు.

"రోడ్డు మింద ఏందమ్మా ఇది? మా కళ్లం ల్యాదా?"

"నీ కళ్లం నీదన్నా. బండ అందరిదీ."

ఆయన వంగి, ఎవరి కుప్పలోనైనా చెయ్యిపెట్టే పెద్దరైతు అలవాటు కొద్దీ, ఒక కాయ తీసి ఒలిచి నోట్లో వేసుకున్నాడు. నమిలాడు. చేదుకు మొహం మారింది. ఉమ్మడానికి పక్కకు తిరగబోయి, ఓబమ్మ తనవైపే చూస్తుండటం గమనించాడు.

"ఎట్లుండాదన్నా?"

ఆదెప్ప మింగాడు.

"బాగుండాది."

"అట్లయితే తీస్కపో" అని, ఆమె దోసెడు కాయలు ఆయన తువ్వాల్లో పోసి ముడివేసింది. "యశోదమ్మక్కకు కూడా పెట్టు. ఓబమ్మ ఇచ్చిందని చెప్పు."