నైట్ షిఫ్టు దిగినవాడికి ఒక మెట్టు తక్కువ

మొన్న మా అల్లుడు ఫోన్ నా ముందు పెట్టి, హైదరాబాదులో తాను ఆడే టెన్నిస్ లీగులో ప్రతి ఆటకూ యంత్రమే లెక్కగట్టి ఆటగాడి స్థాయిని ఒక అంకెగా చూపిస్తుందనీ, వరసగా ఓడిపోయేసరికి తన అంకె పడిపోయిందనీ దిగులుగా చెబుతుంటే, ఓదార్చవలసినవాణ్ణి కాస్తా, తెలంగాణ రాకముందు బొగ్గుగనుల సెంటినరీ కాలనీలో గడిపిన ఆదివారాల్లోకి జారుకున్నాను.

కంపెనీ క్వార్టర్లలో బతికినవాళ్ళకు కొత్తగా చెప్పనక్కరలేదు. క్లబ్బు వెనకాల ఎప్పుడో అధికారుల కోసం వేసి వదిలేసిన మట్టి కోర్టుకు మేమే నీళ్ళు చల్లి, రోలరు లాగి, సున్నంతో గీతలు గీసుకుని, చర్చి విడిచాక కొందరం, పొలం చూసుకొచ్చి కొందరం అక్కడ చేరేవాళ్ళం. గట్టివాడికి మెతకవాణ్ణి జతచేస్తేనే ఆట రంజుగా ఉంటుందని ఆటగాళ్ళను ఏ, బీ, సీ అని మూడు మెట్లుగా విడదీసుకున్నాం. ఎవరిది ఏ మెట్టో తేల్చేది గనిలో షిఫ్టువాళ్ళ పని చూసే ఓవర్‌మన్‌గా చేసి రిటైరైన పెద్దాయన, మా అందరికీ కాక. ఆయన గెలుపోటముల కంటే ఊపిరి చూసేవాడు, బంతి నాలుగైదుసార్లు అటూ ఇటూ తిరిగాక ఇంకా ఎవడు నిలబడ్డాడో చూసేవాడు. ఇంకెక్కడా లేని రూలు ఒకటి మాకుండేది: నైట్ షిఫ్టు దిగి వచ్చినవాణ్ణి ఆ పూటకు ఒక మెట్టు కిందివాడిగా లెక్కేసి, గట్టి జోడీని ఇచ్చేవాళ్ళం. నిద్రలేని కళ్ళకు బంతి రెండుగా కనిపించడం అందరికీ అనుభవమే.

మా అక్క భర్త, మా బావ, ‘ఏ’ మెట్టు ఆటగాడు. కూరలో ఉప్పు లేకపోయినా ఊరుకునేవాడు గానీ తన సర్వీసును ఒక్క మాటన్నా అన్నం ముట్టేవాడు కాదు. అలాంటి మనిషికి దమ్ము పట్టుకుంది, నాలుగడుగులేస్తే ఆయాసం. దవాఖానవాళ్ళు గనిలోకి దిగొద్దన్నారు, కంపెనీ పైన స్టోర్సులో పగటి డ్యూటీ వేసింది. కోర్టులో రెండు బంతులకే నడుము పట్టుకుని నిలబడిపోయేవాడు. బీలోకి దింపక తప్పదని అందరికీ తెలుసు. గని వద్దన్నదని కుమిలిపోతున్నవాణ్ణి కోర్టు కూడా వద్దంటే ఏమైపోతాడోనని మా అక్క ఏడ్చేది, నాకూ అదే భయం.

ఆ ఆదివారం జంటలు కట్టేటప్పుడు కాక మొహంలో ఏ మార్పూ లేకుండా, "మనోడు నైట్ దిగొచ్చిండు, మంచి జోడీ ఇయ్యుండ్రి" అన్నాడు. పగటి డ్యూటీవాడికి నైట్ ఎక్కడిదని ఒక్కరూ అడగలేదు. ఇక ప్రతివారం మా బావ నైట్ దిగొస్తూనే ఉన్నాడు, పేరుకు ‘ఏ’ ఆటగాడిగానే ఉన్నాడు. వరసకు బావ గనక వేళాకోళమాడే హక్కున్న నేను కూడా కిక్కురుమనలేదు.

వానలు వెనకపట్టాక ఒకరోజు మా బావే బ్యాటు గోడకు ఆనించి, "ఇంక నైటు గియిటు వద్దు కాకా. నేను బీ. గట్లనే ఎయ్యి" అన్నాడు.

"నీకెట్ల మంచిగనిపిస్తే గట్లనే" అన్నాడు కాక, అంతే. ఆ పూట మా బావ ఓడిపోయి, దగ్గుతూ నవ్వుతూ ఇంటికొచ్చి, అక్కను అడిగి మరీ రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు.

ఇప్పుడు కాకా లేడు, బావా లేడు, మిగిలినవాళ్ళం తలో ఊరూ పట్టాం. తగ్గిపోయానన్న మాట మనిషి తన నోటితో తానే చెప్పేదాకా పదిమందీ ఓపిక పట్టడమంటే ఏమిటో అప్పుడు నాకంతగా తెలియలేదు. మెట్లెక్కుతూ సగంలో ఆగిపోతున్న ఈ వయసులో ఆ ఓపిక నాకే కావలసి వస్తోంది, ఎవరినడగాలో తెలియడం లేదు.