వినయం చాలని అర్జీ

కదిరిలో నా కుట్టుమిషను కొట్టు వెనక గదిలో ఒక ట్రంకు పెట్టె ఉంది. మూత ఎత్తితే ఇప్పటికీ శెనక్కాయల వాసన గుప్పుమంటుంది. లోపల ఉన్నవి మాత్రం గోతం దారంతో కట్టిన ఐదు కాగితాలు. మా అవ్వ వాటిని ఏళ్ల తరబడి విత్తనాల గోతంలో దాచింది మరి. ఏడో తరగతితో బడి మానేసిన నాకు ఉన్న సర్టిఫికెట్లన్నీ అవే.

నల్లమాడ దగ్గర మా ఊళ్లో అప్పట్లో వానాకాలం పాఠ్యపుస్తకంలో మాత్రమే వచ్చేది. ఎర్రమట్టి గాలి లేచి సంకటి ముద్దలో పడి పళ్ల కింద కరకరలాడేది, ఉగాదికి ఓళిగల పిండి తడపడానికి చెంబుడు నీళ్ల కోసం అమ్మ ఇల్లిల్లూ తిరిగేది, మేం గచ్చకాయలాడిన దుమ్ముచేతులను పావడకే తుడుచుకుని అన్నానికి కూర్చునేవాళ్లం. కింది వీధి బోరింగును ఎంత కొట్టినా తుప్పు దగ్గు దగ్గేది తప్ప చుక్క రాల్చేది కాదు. ఊరంతటికీ నీళ్లున్నది ఒక్క నారప్ప బోరులోనే. ఎప్పుడో ఒకసారి సర్పంచుగా చేసిన ఆయనకు పదవి పోయినా ఎర్ర పెన్ను మాత్రం జేబులోంచి పోలేదు.

ఒకరోజు అవ్వ ఆయన మోటారు దగ్గర బిందె నింపుకుంటుంటే నారప్ప వచ్చి, చెప్పు కాలితోనే ఆ బిందెను దొర్లించాడు.

"సర్కారుకు రాస్తారు గదా, నాకు రాయరా? అర్జీ రాసుకొని రాపో ముసిలీ" అన్నాడు.

కింది వీధిలో పెద్దవాళ్లెవరికీ రాత రాదని ఆయనకు తెలుసు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. అవ్వ తడిసిన కోకతో, ఖాళీ బిందెతో ఇంటికొచ్చి, ఆ బిందెను మూలన బోర్లించింది. నేను నోటుబుక్కులో కాగితం చించాను.

'మహారాజశ్రీ' అని మొదలుపెట్టి రాసిన మొదటి అర్జీని ఆయన అరుగు మీద కాళ్లూపుకుంటూ చదివి, 'మార్జిన్ లేదు' అని ఎర్రగా రాసి తిప్పి పంపాడు. రెండోది 'తేదీ లేదు'. మూడోదానికి మార్జినూ తేదీ రెండూ ఉన్నాయి కాబట్టి 'వినయం చాలదు' అని రాశాడు. ఆ నెలంతా అవ్వ ఎండలో రెండు మైళ్లు నడిచి, ఎవరిదో దిగుడుబావి అడుగున బురదనీళ్లు చెంబుతో తోడుకొచ్చింది.

అప్పుడే సోషల్ సారు ఒక పాఠం చెప్పాడు. తెల్లరాజు కింద కొన్ని దేశాలుండేవట. వాళ్లకు సొంత మంత్రులున్నా ప్రతిదానికీ లండన్ సర్కారుకు 'తమ అనుమతి వేడుకొనుచున్నాము' అని రాసుకోవాలి. ఓడ పోవాలి, జవాబు రావాలి. కొన్నాళ్లకు వాళ్లకు విసుగొచ్చి, 'మేము ఇట్లు నిర్ణయించినాము, ఇది తమ సమాచారం కొరకు' అని రాయడం మొదలుపెట్టారట. క్లాసంతా నిద్రపోతోంది. నాకు మాత్రం నిద్ర ఎగిరిపోయింది.

ఎందుకంటే నారప్ప బోరు నుంచి ఆయన చీనీ తోటకు, అదే బత్తాయి తోటకు, పోయే పైపు మా చేను మధ్యలోంచే పోతుంది. వేసేటప్పుడు మమ్మల్ని అడిగింది లేదు. ఆ చేను అవ్వ పేరు మీద ఉంది.

నాలుగో కాగితం రాశాను: 'రేపు ఉదయం మా చేను దున్నబడును. అడ్డముగా ఉన్న పైపు తీసి తమ గట్టున పెట్టబడును. ఇది తమ సమాచారం కొరకు.' నకలు కూడా రాసుకున్నాను.

నాయన భయపడ్డాడు. "ఏమ్మే, మనం ఈ ఊర్లో బతకల్లా వద్దా?"

"నువ్వు ఉండప్పా. చేను నాది, ఏలిముద్ర నేనేస్తా" అంది అవ్వ.

అన్నట్టే పైపు విప్పాం. మూడు రోజుల్లో చీనీ ఆకులు దొన్నెల్లా ముడుచుకున్నాయి. నారప్ప కేకలేస్తూ వచ్చాడు. అవ్వ చింతపండులో గింజలు తీస్తూ తలెత్తకుండా, "అర్జీ రాసుకొని రాప్పా" అంది.

తోట మీద ప్రాణం, రాయక ఏం చేస్తాడు! మొదటిదానికి మార్జిన్ లేదన్నాను. రెండోదానికి తేదీ లేదన్నాను. మూడోది ఆయన ముందే చదివి, "వినయం చాల్లేదు మామా" అన్నాను. ఆ రోజు ఆయన ముఖం చూసినంత తృప్తిగా నేను ఏ సినిమా చూడలేదు. నాలుగోది తెచ్చేసరికి అవ్వ ఒకటే షరతు పెట్టింది: మా చేను గట్టున ఆ పైపుకు కొళాయి బిగించాలి, కింది వీధంతా పట్టుకోవాలి, మొదటి బిందె ఆయనే నింపాలి. నింపాడు. అవ్వ దాన్ని కాలితో దొర్లించింది. నీళ్లు వృథా పోలేదు లెండి, బిందెను గుమ్మడి పాదు మీదే పెట్టించింది.

"ఇంగో బిందె పట్టు నారప్పా."

పైపు మళ్లీ వేసుకోనిచ్చాం గానీ ఆయన అర్జీ మీద 'అనుమతించడమైనది' అని మాత్రం నేను రాయలేదు. కనబడినప్పుడల్లా అడిగేవాడు. "ఏమ్మే, నా కాగితం ఏమాయ?"

"పరిశీలనలో ఉండాది మామా."

ఇప్పుడు ఆ బోరు ఎండిపోయింది. చీనీ చెట్లు పొయ్యిలోకి పోయాయి, పైపు పాత ఇనుముకు పోయింది, అవ్వ పోయింది, నారప్పా పోయాడు. ఆయన అర్జీ మాత్రం ఈ పెట్టెలో ఉంది. మార్జినుంది, తేదీ ఉంది, వినయం కూడా కావలసినంత ఉంది. దాని కింద నేను రాయాల్సిన ఒక్క మాటకు చోటు ఇప్పటికీ ఖాళీగానే ఉంది. పెన్ను నా చేతికి అందేంత దూరంలోనే ఉంటుంది. పెట్టె మూత వేస్తాను.