ఒక్కరే పట్టే పడవ

నేను పనిచేసే ఇంటి వెనక పెరట్లో ఆ పడవ బోర్లా పడి ఉండేది. కువైట్‌కు వచ్చి ఆ ఇంట్లో పనికి కుదిరిన నాటి నుంచీ నేను దాని చుట్టూ ఊడుస్తూనే ఉన్నాను. దుమ్ముగాలి వీచిన మర్నాడు దాన్ని కూడా తుడవమనేది మా యజమానురాలు. ఇక్కడ పనిచేసే ఇంటావిడను మామా అనే పిలుస్తాం. ఎవరూ ఎక్కని పడవను తుడవడం ఎంత విసుగో తుడిచిన వాళ్ళకే తెలుస్తుంది. ఆమె భర్త బతికుండగా అందులో ఒక్కడే కూర్చుని చేపలకు వెళ్ళేవాడట. ఇద్దరు పట్టే పడవ కాదది. ఫైబర్‌తో చేసింది. మధ్యలో ఒక మనిషి కూర్చునే చోటు, రెండు పక్కలా తెడ్లు తగిలించే కొక్కేలు, అంతే.

ఇంటికి రంగులు వేయించేటప్పుడు మామాకు అది అడ్డమొచ్చింది. తీసుకుపోయి పాత సామాన్లు కొనే సక్రాబ్‌లో అమ్ముకో, వచ్చింది నువ్వే ఉంచుకో, ఖలాస్ అంది. కాగితాల మీద పేరు మాత్రం వాళ్ళదే ఉండిపోయింది, మార్చే ఊసు ఎవరూ ఎత్తలేదు. రాయచోటి వైపు మెట్టపల్లెలో పుట్టి, బావిలో తప్ప నిండుగా నీళ్ళు చూడని నేను అలా ఒక పడవకు సొంతదారునయ్యాను. ఎవరికైనా చెబితే నవ్వుతారని చాలా రోజులు చెప్పలేదు.

మా ఆయన కూడా కువైట్‌లోనే ఉంటాడు. మొగుడూ పెళ్ళాం ఒకే దేశంలో ఉన్నారు, అదృష్టవంతులు అంటారు మా వైపు వాళ్ళు. వాళ్ళ మొహం. ఆయన ఒక సామాన్ల కొట్టుకు హాఫ్ లారీ తోలుతాడు. ఖైతాన్‌లో ఒక గదిలో మరో అయిదుగురు మగవాళ్ళతో ఉంటాడు. నేను మామా ఇంట్లో వంటగది వెనకాల గదిలో ఒక్కదాన్నే పడుకుంటాను. శుక్రవారం మధ్యాహ్నం వాళ్ళ భోజనాలయ్యి, గిన్నెలు కడిగాక నాకు సెలవు. రాత్రి ఎనిమిదిలోపు తిరిగి రావాలి. మా కాపురమంతా ఆ ఒక్క పూటలోనే.

ఆ పూట కోసం నేను శనివారం నుంచే కాచుకుని ఉండేదాన్ని. మామా ఇంట్లో నాతో తెలుగు మాట్లాడే పురుగు లేదు. తఆలీ, రూహీ, జీబీ. రా, పో, తే. అంతకు మించి నాతో ఎవరికీ పనిలేదు, నేను చెప్పేది వినాల్సిన అవసరం అసలే లేదు. వారం పొడవునా మాటలు కడుపులో దాచుకుని, శుక్రవారం హాఫ్ లారీ ముందు సీటులో కూర్చోగానే మొదలుపెట్టేదాన్ని. పోవడానికి మాకంటూ ఇల్లు లేదు కనుక సముద్రం పక్కన బండి ఆపుకుని, ఏసీ వేసుకుని, నేను కట్టుకొచ్చింది తింటూ కూర్చునేవాళ్ళం. నేను చెప్పేదాన్ని, ఆయన వినేవాడు.

పడవను అమ్ముదామని ఒక శుక్రవారం బండెక్కించి అమ్ఘరా సక్రాబ్‌కు తీసుకుపోయాం. పాత సామాన్ల షెడ్డువాడు దాన్ని చూసి పెదవి విరిచాడు. మా ఆయన దాని చుట్టూ రెండుసార్లు తిరిగాడు, వేళ్ళతో తట్టాడు, గొంతుకూర్చుని అడుగుభాగం తడిమాడు. గొడ్డును కొనేవాడు పళ్ళు చూసినట్టే చూశాడు. ఆ తరువాత అమ్మేది లేదని ఆ మనిషితో హిందీలో అనేశాడు. అమ్మడానికి పోయిన వాళ్ళం పడవతో పాటు ఒక విరిగిన ఆఫీసు కుర్చీ సీటు, బోల్టులు, రెండు పైపు ముక్కలు, లంగరుకని ఒక పాత లారీ బ్రేక్ డ్రమ్ము వేసుకుని వెనక్కొచ్చాం. నాకు ఒళ్ళు మండిపోయింది.

"యోవ్, నీకు ఈతొచ్చునా?" అన్నాను.

"రాదు."

"మరి?"

"నేను నీళ్ళలోకి యాడ దిగుతా మే, పడవలో కదా కూచునేది."

ఈ మనిషితో వాదించి గెలిచిన రోజు లేదు. లైఫ్ జాకెట్ కొంటేనే పడవను ముట్టుకోనిస్తానని మాత్రం పట్టుబట్టాను. మొహం మాడ్చుకుని కొన్నాడు.

అక్కడి నుంచి శుక్రవారాలన్నీ పడవకే పోయాయి. మామా ఇంటి వెనక గోడ అవతల ఖాళీ ఇసక నేల ఉంది. ఆయన అక్కడ పడవ ముందర కూర్చునేవాడు, నేను ఇటుక మీద కూర్చుని పానాలు అందించేదాన్ని. ఆఫీసు కుర్చీ సీటును మధ్యలో బిగించాడు. గాలపు కర్రలు నిలబెట్టడానికి పైపు ముక్కలు కట్టాడు. వదులైన తెడ్ల కొక్కేలను ఇనుప బోల్టులతో బిగించాడు. లోపలికొచ్చిన నీళ్ళు తోడిపోయడానికి నా సత్తు చెంబు పట్టుకుపోయాడు, అడగను కూడా లేదు. పడవ వెనకవైపు నీళ్ళు వదిలేందుకు ఒక బెజ్జం ఉంది. దాని బిరడా ఎప్పుడో పోయింది. పాత చెప్పు అడుగు కోసి గుండ్రంగా చెక్కి దాంట్లో దిగగొట్టాడు. ఆయన గదిలో గోదావరి వైపు సముద్రం ఒడ్డున పుట్టినాయన ఒకడున్నాడు. ఉప్పునీళ్ళకు మామూలు ఇనుప బోల్టులు ఆగవండీ, స్టీలువి వేయండీ అని ఆ గోదావరాయన చిలక్కి చెప్పినట్టు చెప్పాడట. మా మోటారుకు ఇవే వేశాం, ఇరవయ్యేళ్ళు ఆగాయి అన్నాడట మా ఆయన. ఆ మోటారు ఉన్నది మంచినీళ్ళ బావి మీద అన్న సంగతి మా ఆయనకూ తట్టలేదు, నాకూ తట్టలేదు.

నేను మాట్లాడుతూనే ఉండేదాన్ని. పానా తిప్పే మనిషికి మాటలు ఎక్కవు. మామా కూతురు నా మీద అరిచిన సంగతి చెబుతుంటే పన్నెండో నంబరు ఇయ్యి అన్నాడొకసారి. నేను పానా ఇసకలోకి విసిరేసి లేచిపోయాను. ఆయనే వెతుక్కుని తెచ్చుకున్నాడు.

మొదటిసారి నీళ్ళలో దించింది ఫింతాస్ దాటాక ఒక ఒడ్డున. మోకాళ్ళ లోతుకు పోగానే చెప్పు బిరడా ఊడి ఎటో తేలిపోయింది. పడవ మెల్లగా, మర్యాదగా కూర్చుండిపోయింది. ఆయన సీటు మీద నడుము దాకా నీళ్ళలో కూర్చుని నా చెంబుతో తోడిపోస్తున్నాడు. తోడిన నీళ్ళు తోడినట్టే వెనక్కి వస్తున్నాయి. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ పూట నవ్వే వచ్చింది, అది కూడా చెప్పాలి.

రెండోసారి షర్క్‌లో ఒక కొట్లో కొన్న అసలు బిరడా పెట్టుకుని లోపలికి పోయి, ఒకటి రెండు చిన్న చేపలు పట్టుకుని వచ్చాడు. వచ్చి, పడవను ఒక రాతికి గొడ్డును కట్టినట్టు పొట్టి తాడుతో కట్టాడు. ఇద్దరం బండిలో కూర్చుని అన్నం తిన్నాం, కునుకు తీశాం. లేచి చూస్తే సముద్రం లేదు. మా బావిలో నీళ్ళు ఎండలకు దిగుతాయి, వానలకు లేస్తాయి. రోజుకు రెండుసార్లు పోయి వచ్చే నీళ్ళ సంగతి మాకేం తెలుసు? పడవ బురదలో రాళ్ళ మధ్య ఒక పక్కకు ఒరిగి ఉంది. ఆ బురదలో కాలు పెడితే మోకాలు దాకా దిగుతోంది. ఇద్దరం లాగలేకపోయాం. నీళ్ళు మళ్ళీ వచ్చేదాకా కూర్చున్నాం. నేను ఇల్లు చేరేసరికి ఎనిమిది ఎప్పుడో దాటిపోయింది. మామా అరవలేదు. వచ్చే శుక్రవారం సెలవు లేదు అంది, అంతే. ఆ వారం నేను ఎవరితోనూ మాట్లాడకుండా బతికాను, ఆ పైవారం కూడా. అప్పుడు పడవను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.

మూడోది మాత్రం తల ప్రాణం తోకకు తెచ్చింది. ఆయన ఫోను తడవకూడదని నా చేతికిచ్చి పోయేవాడు. ఆ రోజు గాలి ఒడ్డు మీద నుంచి సముద్రంలోకి వీస్తోంది. కాస్త దూరం పోయాక తెడ్డు తగిలించే కొక్కెం బోల్టు తుప్పుపట్టి పుటుక్కున తెగింది. కొక్కెంతో పాటు తెడ్డూ నీళ్ళలోకి జారిపోయింది. మిగిలిన ఒక్క తెడ్డుతో వేస్తుంటే పడవ ఉన్నచోటే తిరుగుతోంది, తిరుగుతూనే దూరం పోతోంది. బ్రేక్ డ్రమ్ము వేశాడు, తాడు అడుగుకు అందలేదు. రెండు ఫోన్లూ నా చేతిలోనే ఉన్నాయి. ఎవరికి చెయ్యను? కాసేపటికి ఆయన మొహం ఆనవాలు చిక్కలేదు, నారింజ రంగు జాకెట్ ఒక్కటే కనబడుతోంది. జెట్ స్కీ మీద ఒక కువైటీ ఆయన ఒడ్డు దగ్గరకు వస్తే పరిగెత్తి నీళ్ళలో అడ్డం నిలబడ్డాను. నా వంటింటి అరబ్బీలో నా మగడు, ఈత రాదు, తే, తే అని అరిచాను. వారమంతా నేను వినే మాటలే నా నోటా వచ్చాయి. పాపం, ఆ మనిషి మారు మాట్లాడకుండా పోయి తాడు కట్టి లాక్కొచ్చాడు.

బండిలో కూర్చున్నాక నేను ఏడవలేదు, తిట్టాను. నాకున్నది వారానికి ఒక్క పూట. దాన్ని కూడా ఈ డొక్కు పడవకు ఇచ్చేశావు, ఇది ఉండాలో నేనుండాలో తేల్చుకో అన్నాను. ఆయన నెమ్మదిగా చెప్పాడు.

"పొద్దున లేస్తే ఓనరు అరుపులు. బండి తోల్తాంటే ఫోన్లు. రూముకు పోతే ఆరుగురం, ఒగరు పాటలు పెడ్తారు, ఒగరు ఇంటికి ఫోన్ చేసి కొట్లాడ్తాంటారు. ఒగ పూట నాతో ఎవురూ మాట్లాడకుండా ఉంటే చాలనిపిస్తాది మే."

"నేను గూడానా?"

ఆయన తాళంచెవి తిప్పి బండి స్టార్ట్ చేశాడు.

ఆ వారమంతా మామా గిన్నెలు నా చేతిలో నానా బాధా పడ్డాయి. కోపం ఎవరి మీద తెచ్చుకోవాలో తెలియలేదు. నాకు మాటలు కావాలి, ఆయనకు మాటలు వద్దు. ఇద్దరికీ కలిపి ఉన్నది ఒకటే పూట. ఆయన గది నేను ఒకసారి గుమ్మంలోంచి చూశాను. ఒకదాని మీద ఒకటి మంచాలు, ఆరబెట్టిన బట్టలు, అందరూ ఒకేసారి మాట్లాడుతున్న గోల. నాకా గది ఇస్తే ఎంత బాగుణ్ణు అనుకున్నాను అప్పుడు. మధ్యలో ఆయనే ఫోన్ చేసి పడవను సక్రాబ్‌కు ఇచ్చేస్తానన్నాడు. వద్దులే అన్నాను. పోయిన కొక్కెం, తెడ్డు కొత్తవి పెట్టు, కొక్కేలకు స్టీలు బోల్టులు వెయ్యి, పొడుగు తాడు ఒకటి కొను, దాని కొస నా చేతిలో ఉండాలి, అంత దూరమే పో అన్నాను.

తరువాతి శుక్రవారం గాలి లేదు. నీళ్ళు పళ్ళెంలో పోసినట్టు కదలకుండా ఉన్నాయి. ఆయన తాడు ఎంత ఉందో అంత దూరం పోయి, లంగరు వేసి, నాకు వీపు పెట్టి అటు తిరిగి కూర్చున్నాడు. నేను తాడు కొస చేతికి చుట్టుకుని ఒడ్డున కూర్చున్నాను. మొదట ఊరికే ఉన్నాను. ఆ పైన నోరు ఆగలేదు. మా చేలల్లో అంత దూరాన ఉన్న మనిషిని పిలవాలంటే గొంతు చించుకోవాలి. ఈయనకెక్కడ వినబడుతుందిలే అనుకుని, నాలో నేను మాట్లాడుకున్నట్టు మొదలుపెట్టాను.

మామా కూతురి పురుడు, వచ్చిపోయే చుట్టాలు, మెట్ల మీద పరిచిన తివాచీలు, అన్నీ చెప్పాను. వినబడదన్న ధైర్యంతో ఆయన ఎదుట ఎన్నడూ అననివి కూడా అన్నాను.

"మోకాళ్ళు వంగడం లేదు. బ్లీచింగు నీళ్ళకు చేతులు పగిలిపోయినాయి. నా చేత కాదు ఇంగ. నీతో చెప్తే ఇంగో రెండేండ్లు అంటావని చెప్పలా. ఈడ ఉండేదానికి ఇఖామా కొట్టించే ప్రతిసారీ ఇద్దరం అనుకునేదే కదా, ఇంగో రెండేండ్లు. మన బిడ్డ ఊర్లో మా అక్క దగ్గర పెరిగి పెద్దదైపాయ. నాకు ఇంటికి పోవాలని ఉండాది."

నారింజ జాకెట్ కదల్లేదు. ఎంత హాయిగా ఉందో, చెప్పేశాక. కళ్ళు తుడుచుకుని, కొంగు సర్దుకుని, ఇక రా అన్నట్టు తాడు లాగాను.

ఆయన ఒడ్డుకు వచ్చాడు. ఒక్క చేపా లేదు. పడవను ఇసక మీదకు లాగాం. ఆయన వంగి తాడు చుట్టడం మొదలుపెట్టాడు.

"ఈసారి ఇఖామా కొట్టించొద్దు. ఇంటికి పో నువ్వు," అన్నాడు.

"వినపడిందా?" అన్నాను.

"నీళ్ళ మీద మాట బాగా వస్తాది మే. అంతా వినపడింది."

"మరి నువ్వు?"

"నేను ఇంగో రెండేండ్లు."

పో అనే మాట ఆయన నోట రావాలని ఎన్నేళ్ళుగా కాచుకున్నానో నాకే తెలుసు. తీరా వచ్చాక సంతోషం రాలేదు. తల దించుకుని తాడు చుడుతున్న ఆయన మెడ వెనక భాగం చూస్తూ ఉండిపోయాను. ఎండకు నల్లబడి, ఉప్పుకు పొట్టు లేచి ఉంది.

"ఇంగ శుక్రవారం నాతో ఎవురూ మాట్లాడరు," అన్నాడు తల ఎత్తకుండానే.

ఎనిమిదిలోపు చేరాలి కనుక ఇద్దరం చెరో పక్క పట్టుకుని పడవను బండెక్కించాం.