మంచం కింద బేటరీ, మజ్జిగౌరమ్మకు మొక్కిన దీపం

బోరిగుమ్మలో ఉండే మా బావమరిది వానాకాలమంతా మంచాన పడి లేచాడు. అతను లేస్తే అతని ఇంట్లో వెలిగించిన దీపం ఆరకుండా రాయగడ మజ్జిగౌరమ్మ గుడిదాకా తెస్తానని నా భార్య సూరమ్మ మొక్కుకుంది. మాది పాత వ్యాను. అందులోనే మంచం, గ్యాసు స్టవ్వు, పైకప్పు మీది సోలార్ పలకతో నడిచే ఫ్యాను, లైటు. స్టవ్వు పక్కన నూనె దీపం వద్దని, అమ్మవారి పటం ముందు ఎర్ర బల్బు పెట్టి ఇంజను బేటరీకి తీగ కలిపాను. పొరపాటున ఎవరూ ఆర్పకుండా స్విచ్చి పెట్టలేదు.

సోమవారం మధ్యాహ్నం రెండింటికి బావమరిది ఇంటి వాకిట్లో బల్బు వెలిగించి బయల్దేరాం. జయపురం ఘాటీ ఎక్కి కొరాపుట్‌లో పడుకున్నాం. మంగళవారం పగలంతా అక్కడే ఉండి, సాయంత్రం లక్ష్మీపూర్ చేరాం. కీ తిప్పినప్పుడల్లా బల్బు క్షణంపాటు మసకబారేది. ఆరిందో లేదో నాకు తెలిసేది కాదు. సూరమ్మతో అనలేదు. ఆమె పక్క సీట్లో కళ్ళు మూసుకుని దండం పెట్టుకుంటూ ఉండేది.

బుధవారం ఉదయం ఆరింటికి కీ తిప్పితే టిక్కుమంది, అంతే. ఫ్యాను తిరుగుతోంది. లైటు వెలుగుతోంది. అమ్మవారి బల్బు మాత్రం నిప్పురవ్వంత ఉంది. కరెంటు ఉన్నట్టా, లేనట్టా? నాకు అర్థం కాలేదు.

కబురు పంపితే ఆ ఊళ్ళో బేటరీల కొట్టు నడిపే తెలుగాయన వచ్చాడు. ఇంజను బేటరీ మంచం కింద ఉంది. దానిమీద బియ్యం బస్తా, ట్రంకు పెట్టె, స్టవ్వు. అన్నీ దింపడానికి ముప్పావు గంట పట్టింది. సంతకు వెళ్ళేవాళ్ళు నిలబడి చూస్తుంటే నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఇవి అమ్మకానికా అని ఒకావిడ అడిగింది. సూరమ్మ చెంబు చూపించి ఎంతిస్తావంది.

"ఏటి బాబాయ్, సంసారమంతా రోడ్డుమీదెట్టేసేవు?" అన్నాడు కొట్టాయన.

"బేటరీ కిందుంది" అన్నాను.

"పైనున్న ఎండపలక ఫేను బేటరీనే నింపుతాది. ఇంజను దాన్ని ఇంజనే నింపాల. నువ్వు రెండ్రాత్రులు బల్బెలిగించి, బండేమో కూసింత నడిపేవు. పైగా ఈ బేటరీ నీకంటే ముసల్ది. ముందా బల్బు తీగ పీకెత్తాను."

సూరమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "పీకితే ఊరుకోను బాబూ. నా తమ్ముడి దీపమది."

ఆయన సంచిలోంచి ఇంకో తీగముక్క తీశాడు. "అలాగైతే పిన్నీ, ముందు ఫేను బేటరీనుంచి ఇంకో తీగ కలుపుతాను. తర్వాత పాతది తీత్తాను. ఆరదు." కలిపాడు. బల్బు భగ్గుమంది. పాత తీగ తీశాడు. వెలుగు తగ్గలేదు. తన జీపు బేటరీనుంచి మా బేటరీకి లావు తీగలు తగిలించి, కీ తిప్పమన్నాడు.

ఇంజను అందుకుంది. బల్బు ఈసారి చలించలేదు. సూరమ్మ కళ్ళు మూసుకునే ఉంది.

"తెరువు. ఆరలేదు" అన్నాను.

"నాకు తెల్దనుకున్నావేటి? మొదట్రోజే సూసేను. నువ్వు కీ తిప్పితే అది రెప్పేస్తాది. నాను సూడకుంటే ఆరినట్టు కాదుగదా అని మూసుకున్నాను."

"మరి నాకు సెప్పలేదే?"

"నువ్వు సెప్పేవా?"

కొట్టాయన మూడు వందలు తీసుకున్నాడు. ఇంజను ఆపకుండా నడిపి పదకొండింటికి రాయగడ చేరాం. బుధవారం అమ్మవారికి ముఖ్యమైన రోజు కాబట్టి గుడి దగ్గర వరుస పొడుగ్గా ఉంది. దర్శనమయ్యాక సూరమ్మే తీగ లాగి బల్బు ఆర్పింది.

దీపం దారిలో ఆరిందా, ఆరలేదా? ఇప్పటికీ నాకు తేలలేదు. బావమరిది మాత్రం బాగానే తిరుగుతున్నాడు. వ్యానులో ప్రయాణం పెట్టుకునేవారికి ఒకటే చెబుతాను. బండి ఆగి ఉండగా ఇంజను బేటరీమీద ఏ బల్బూ పెట్టకండి, దానిపైన ఏ బస్తా పెట్టకండి. నేను మంచం పలక కోయించి, చెయ్యి దూరేంత మూత పెట్టించాను.

ఇప్పుడు పటం ముందు బల్బు లేదు. అయినా నేను కీ తిప్పేటప్పుడు సూరమ్మ కళ్ళు మూసుకుంటుంది. ఇంజను అందుకున్నాక "తెరువు" అంటాను.