పసుపు ఉడికే రోజుల్లో వార్షికోత్సవం

మా కొత్త హెడ్మాస్టరు గారు వార్షికోత్సవం తేదీ చెప్పిన రోజు స్టాఫ్ రూములో నోరు విప్పింది నేనొక్కదాన్నే. ఫిబ్రవరి రెండో వారం అన్నారాయన. ఆర్మూరులో ఫిబ్రవరి అంటే పసుపు. తవ్వడం, ఉడకబెట్టడం, కల్లాల్లో ఎండబోయడం, మార్కెట్టుకు తోలడం. ఆ నెలన్నర రోజులూ మా హైస్కూల్లో హాజరు పట్టీ చూస్తే ఏడుపొస్తుంది. ఆరేళ్లుగా ఇక్కడ జీవశాస్త్రం చెబుతున్నదాన్ని, ఆ మాత్రం నాకు తెలుసు. ఆయన నిజామాబాద్ టౌను నుంచి జూలైలో బదిలీ మీద వచ్చారు, ఆయనకు తెలియదు. తెలియకపోవడం తప్పు కాదు. చెప్పినా వినకపోవడమే నన్ను మండించింది.

"సార్, గా వారంల పిల్లలు దొరకరు. జర ముందుకు జరుపుండ్రి" అన్నాను.

"గెస్టు గదే రోజు టైమిచ్చిండు మేడం. పెద్దాఫీసరు, మల్ల దొరుకుతడా? పిల్లలదేముంది, మనం రమ్మంటే వస్తరు" అన్నారాయన. ఆ వెంటనే నవ్వుతూ, "కల్చరల్ ప్రోగ్రాములు మీరే చూడాలె" అని నా నెత్తిన పెట్టేశారు.

ఇది కూడా నా స్వయంకృతమే. ఈ బడిలో చేరిన మొదటిరోజు పరిచయాల్లో, చిన్నప్పుడు మూడు నెలలు నాట్యం నేర్చుకున్నానని నోరు జారాను. ఆ మూడు నెలలకు ఆరేళ్లుగా అనుభవిస్తున్నాను.

నాట్లు వేసే పాట మీద ఎనిమిది మంది ఆడపిల్లలతో ఒక నృత్యం అనుకున్నాను. తొమ్మిదో తరగతి వాళ్లు అయిదుగురు, పదో తరగతి వాళ్లు ముగ్గురు. మధ్యలో నిలబడే అమ్మాయి పదో తరగతి. సన్నగా, పొడుగ్గా ఉంటుంది, ఒకసారి చూపిస్తే చాలు అడుగు పట్టేస్తుంది. మిగతా ఏడుగురూ ఆమెను చూసి వేస్తారు. కాబట్టి ఆమె ఉంటే నృత్యం ఉన్నట్టు, ఆమె లేకపోతే ఏడుగురు పిల్లలు ఏడు దిక్కులకు వంగి లేచినట్టు.

మొదటి గొడవ లెక్కల సారుతో వచ్చింది. పదో తరగతి పిల్లలను సాయంత్రం స్పెషల్ క్లాసు నుంచి నలభై అయిదు నిమిషాలు పంపమన్నాను.

"డ్యాన్సుకు మార్కులేస్తరా మేడం పబ్లిక్ పరీక్షల?" అన్నారాయన.

"ఎయ్యరు సార్. మీరు గూడ ఏనాడన్న చదువుకునేటప్పుడు జర నవ్విండ్రా?"

ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఆయన రెండు రోజులు నాతో మాట్లాడలేదు, పిల్లలను మాత్రం రోజూ ఇరవై నిమిషాల పాటు పంపారు. ఇరవై నిమిషాల్లో పదిహేను, స్పీకరుకు ఫోను కలపడానికే పోయేవి. ఆ మిగిలిన అయిదు నిమిషాలు మధ్యాహ్న భోజనం వండే ఇద్దరు ఆడవాళ్లు వంటగది గడప మీద కూర్చుని, మర్నాటి బియ్యం చెరుగుతూ మమ్మల్ని చూసేవాళ్లు. చూసి ఊరుకుంటే బాగుండేది.

"గట్ల కాదు మేడం. నాటేసేటప్పుడు గంత ఊగుతరా ఎవలన్న? నడుము పడిపోతది" అనేది వాళ్లలో పెద్దావిడ.

"ఇది డ్యాన్స్ అమ్మా, పొలం కాదు" అనేదాన్ని.

"అయితే నాట్ల పాట ఎందుకు పెట్టిండ్రు మరి?"

స్పీకరు శబ్దం పెంచేదాన్ని.

పసుపు తవ్వకాలు ఊపందుకోగానే నేను చెప్పినట్టే జరిగింది. ఎనిమిది మంది ఏడుగురయ్యారు, తర్వాత ఆరుగురు. ఎనిమిదో తరగతి నుంచి ఇద్దరిని తెచ్చి కలిపాను. వాళ్లలో ఒక పిల్లకు కుడీ ఎడమా తెలియదు. అన్నం తినే చెయ్యి ఎత్తమ్మా అంటే ఒక క్షణం ఆలోచించి ఎత్తేది, అప్పటికి పాట దాటిపోయేది. కోప్పడదామంటే ఆ పిల్ల ముఖమంతా సంతోషమే, ఎలా కోప్పడతాం?

వార్షికోత్సవం ఇంకా నాలుగు రోజులుందనగా మధ్యలో నిలబడే అమ్మాయి కూడా రాలేదు. వాళ్ల నాన్న ఫోను మోగుతోంది గానీ ఎవరూ ఎత్తడం లేదు. ఆ మధ్యాహ్నం హిందీ మేడం స్కూటీ వెనక ఎక్కి వాళ్ల చేనుకు పోయాను. అడ్రసు అడగాల్సిన పని కూడా లేకపోయింది, ఆవిరి కనిపించిన చోటుకల్లా పోతూ మూడో చేను దగ్గర ఆ అమ్మాయిని పట్టుకున్నాం.

బాయిలర్ మిషన్ గుప్పుగుప్పుమని ఆవిరి వదులుతోంది. నలుగురు మగవాళ్లు డ్రమ్ములోంచి ఉడికిన పసుపు కొమ్ములను కింద పరిచిన పరదా మీదికి వంచుతున్నారు. పచ్చి పసుపు వాసన ముక్కులోంచి నేరుగా తలకెక్కుతోంది. ఆ అమ్మాయి తలకు తువ్వాల చుట్టుకుని, పారతో కొమ్ములను పలచగా పరుస్తోంది. నన్ను చూసి పార వెనక్కి దాచుకుంది, అదేదో కాపీ చీటీ అయినట్టు.

వాళ్లమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంటూ ఎదురొచ్చింది.

"కోపం చెయ్యకుండ్రి మేడం. మిషన్ వంతు గిప్పుడొచ్చింది మాకు. రేపు ఎల్లుండి ఉడకబెట్టకుంటే మిషన్ మాక్లూర్ దిక్కు పోతది. మల్ల ఎప్పుడొస్తదో తెల్వదు. తవ్విన పసుపు గట్లనే ఉంటే ఖరాబైతది. కూలోళ్లు దొరుకుతలేరు."

"అక్కా, నాలుగు రోజులల్ల ప్రోగ్రాం ఉంది. గీ పిల్ల లేకుంటే డ్యాన్సే లేదు."

"నాకెర్కనే మేడం. ఇంట్ల గూడ గదే ఎగురుడు. అన్నం పెట్టుకుంట గూడ ఎగురుతది." ఆమె కూతురి వైపు చూసి నవ్వింది. "ఆ దినం నాలుగ్గొట్టంగ నేనే తోలుకొస్త. పక్కా."

"ప్రోగ్రాం పొద్దున పదింటికక్కా!"

"పొద్దుగాల ఎట్లయితది మేడం, ఉడికింది ఎండబొయ్యాలె గద? జర సారుకు చెప్పుండ్రి, సాయంత్రం పెట్టుమనుండ్రి. మేమందరం వస్తం."

అంత సులువైన మాట. మర్నాడు అదే మాట హెడ్మాస్టరు గారికి చెబితే, ఫ్లెక్సీలో ఉదయం పది గంటలకు అని అచ్చు వేయించామన్నారు. ఫ్లెక్సీ మీద ఒక కాగితం అంటిద్దామన్నాను. గెస్టు చూస్తే బాగుండదన్నారు.

ఆ రోజు రానే వచ్చింది. పిల్లలకు ఎనిమిదింటికే రంగులు పూశాం. మధ్యలో నిలబడే అమ్మాయి రాదని ఎనిమిదో తరగతి నుంచి ఇంకో పిల్లను కలిపి ఎనిమిది చేశాను. కుడి ఎడమ తెలియని పిల్లను మధ్యకు జరిపి, ఆ అమ్మాయి చీర కట్టి, పిన్నులతో ఎక్కడికక్కడ బిగించాను. లెక్కల సారు తరగతి గదుల్లోంచి బెంచీలు తెచ్చి స్టేజీ కట్టించారు. బెంచీల కాళ్లను తాళ్లతో ఆయనే స్వయంగా కట్టారు, వేరే ఎవరినీ నమ్మలేదు.

పది అయింది. గెస్టు రాలేదు. పదకొండున్నరకు బయలుదేరారన్నారు. పన్నెండున్నరకు దారిలో ఏదో మీటింగ్ తగిలిందన్నారు. పిల్లల ముఖాల మీద రంగు కారి మెడల్లోకి దిగింది. "సార్, మొదలుపెడదాం" అని నేను వెళ్లిన ప్రతిసారీ హెడ్మాస్టరు గారు ఫోనునే చూస్తూ "ఇంక పది నిమిషాలు మేడం" అన్నారు. ఒంటిగంటకు పిల్లలు ఆ చీరలతోనే భోజనాలకు కూర్చున్నారు. ముగ్గురి చీరల మీద సాంబారు పడింది. వంట పెద్దావిడ ఒక్కొక్కరి కొంగూ తడిగుడ్డతో తుడుస్తూ, గెస్టును ఉద్దేశించి కొన్ని మాటలు అంది. అవి ఇక్కడ రాయలేను గానీ నాకు చాలా ఊరటగా అనిపించాయి.

మూడింటికి గెస్టు రావడం లేదని ఫోను వచ్చింది.

హెడ్మాస్టరు గారు అలా కుర్చీలో కూర్చుండిపోయారు. కొత్త చొక్కా, జేబులో మడిచిన ప్రసంగం. ఒక్క క్షణం జాలేసింది. మరుక్షణం పొద్దుటి నుంచి ఎండలో నిలబడిన పిల్లలు గుర్తొచ్చి ఆ జాలి పోయింది.

"సార్, నేను మొదలుపెడుతున్న" అన్నాను. ఈసారి అనుమతి కోసం ఆగలేదు.

అయినా ఆయన నివేదిక చదవక తప్పదన్నారు. పద్నాలుగు పేజీలు. పన్నెండో పేజీలో ఉండగా గేటు దగ్గర ట్రాక్టరు చప్పుడు. ఒకటి కాదు, మూడు. ట్రాలీల నిండా జనం. కల్లాల నుంచి కాళ్లూ చేతులూ కడుక్కుని నేరుగా వచ్చేశారు. బట్టలన్నీ పసుపు. ఖాళీ కుర్చీలు రెండు నిమిషాల్లో నిండాయి, మిగిలినవాళ్లు గోడ మీద కూర్చున్నారు. హెడ్మాస్టరు గారు చివరి రెండు పేజీలు చదవకుండానే మైకు నా చేతిలో పెట్టారు. ఆ రోజు ఆయన చేసిన మొదటి మంచి పని అదే.

మధ్యలో నిలబడే అమ్మాయి పరిగెత్తుకుంటూ వచ్చింది. వచ్చి, తన చీర వేరే పిల్ల ఒంటి మీద చూసి ఆగిపోయింది. ఆ పిల్ల కూడా చూసింది. చూసి, చీర పిన్నులు తీయడం మొదలుపెట్టింది. కళ్లలో నీళ్లు.

"ఏయ్, ఆగు! ఎవ్వరూ ఏమీ తీయొద్దు. తొమ్మిది మంది ఆడుతరు" అని అరిచాను.

"ఎనిమిది మందికి నేర్పిండ్రు కద మేడం?" అంది చేను నుంచి వచ్చిన అమ్మాయి.

"మధ్యల ఇద్దరు నిలబడుండ్రి. నువ్వు గీ పసుపు డ్రెస్సుల్నే ఆడు. నాట్ల పాటకు గదే మంచిగుంటది."

ఆడారు. కుడి ఎడమ తెలియని పిల్ల తప్పు వైపు తిరిగి పక్కనున్న అమ్మాయిని గుద్దుకుంది. ఆ అమ్మాయి ఆటలో భాగమన్నట్టు దాని భుజం పట్టుకుని ఒక చుట్టు తిప్పి సరైన వైపు నిలబెట్టింది. జనం ఈలలు వేశారు. నెల రోజులు గొంతు చించుకుని నేర్పిన ఏ అడుగుకూ ఆ ఈలలు రాలేదు.

అక్కడితో అయిపోతే నేను ఇదంతా రాసేదాన్ని కాదు. పాట ఆగగానే ఆ అమ్మాయి తల్లి, ఇంకో పదిమంది ఆడవాళ్లు, వాళ్లతో మా వంట పెద్దావిడ స్టేజీ దగ్గరికి వచ్చారు.

"మేడం, మేము గూడ ఆడుతం."

"అక్కా, బహుమతులున్నయి, ఇంకా రెండు నాటికలున్నయి..."

"అయిదు నిమిషాలే మేడం."

నేను అవునని గానీ కాదని గానీ అనకముందే ఎక్కేశారు. పాట కూడా పెట్టనివ్వలేదు, వాళ్లే పాడుకున్నారు, చప్పట్లు చరుస్తూ గుండ్రంగా తిరిగారు. లెక్కల సారు కింద బెంచీ కాళ్లు పట్టుకుని "మెల్లగ, మెల్లగ! బెంచీలిరుగుతయ్!" అని మొత్తుకుంటున్నారు. ఆ అయిదు నిమిషాలు ముప్పావుగంట నడిచాయి. రెండు నాటికలూ పోయాయి. నాటిక కోసం పొద్దుటి నుంచి మీసాలు పెట్టుకుని కూర్చున్న తొమ్మిదో తరగతి పిల్లలు ఆ మీసాలతోనే చప్పట్లు కొట్టారు.

ఈలోగా ఒక తండ్రి మైకు తీసుకున్నాడు. బడి నల్లాల్లో నీళ్లు రావడం లేదనీ, గేటు ముందు లారీలు ఆగుతున్నాయనీ అరిచాడు. హెడ్మాస్టరు గారి ముఖం పాలిపోయింది. ఆ తర్వాత అతను గొంతు తగ్గించి, "గీ లెక్కల సారు మా పిలగాండ్ల కోసం ఆదివారం గూడ వస్తుండు. మాకు తెల్వదనుకుంటుండు. తెలుసు సార్ మాకు" అన్నాడు. సారు బెంచీ కింద నుంచి లేవలేదు. లేస్తే కళ్లు చూస్తారని లేవలేదో, నిజంగానే తాడు ఊడిందో నాకు తెలియదు. ఆదివారాలు వస్తున్న సంగతి నాకూ తెలియదు. నేను ఆయనతో అన్న మాట గుర్తొచ్చి, నా మీద నాకే చిరాకేసింది.

బహుమతులు చీకటి పడేలోపు హడావిడిగా పంచేశాం. పూర్తి హాజరు బహుమతి ఎవరికని చూస్తే, నాలుగు రోజులుగా కల్లంలో ఉన్న ఆ అమ్మాయికే. హెడ్మాస్టరు గారు లెక్క జనవరి దాకానే వేశారట. ఆమె స్టీలు డబ్బా తీసుకుంటూ నన్ను చూసి తల దించుకుంది. నేను తల తిప్పుకున్నాను, నవ్వాపుకోలేక.

మరునాడు బడిలో మూడో వంతు పిల్లలు కూడా లేరు. నా గొంతు పూర్తిగా పోయింది. లెక్కల సారు దగ్గరికి పోయి, లేని గొంతుతో "సారీ సార్" అన్నాను. ఆయన తల ఊపి, "నాలుగు బెంచీలు ఊగుతున్నయి మేడం" అన్నారు, ఆ బాధ్యత కూడా నాదేనన్నట్టు.

హెడ్మాస్టరు గారు మాత్రం నన్ను గదిలోకి పిలిచి ఒప్పుకున్నారు, "మీరు చెప్పిందే నిజం మేడం. పసుపు కంటే ముందే పెట్టాల్సుండె." ఆ యేడు చివర్లో, డిసెంబరులోనే, పెట్టాం కూడా. కొత్త గెస్టు సమయానికి వచ్చారు. ప్రతిదీ కాగితం మీద రాసుకున్నట్టే నడిచింది, రెండు నాటికలతో సహా. ఒంటిగంటకు అంతా ముగిసింది. నా ఉద్యోగంలో అంత పద్ధతిగా జరిగిన వార్షికోత్సవం ఇంకొకటి లేదు.

గేటు దగ్గర ఆ అమ్మాయి తల్లి కనిపించింది. కూతురు పది పాసై ఇంటర్లో చేరింది, అయినా ఆమె వచ్చింది.

"ఎట్లుందక్కా ఈసారి?" అని గర్వంగా అడిగాను.

"మంచిగనే ఉంది" అంది. ఆ మాటలో ఉత్సాహమేమీ లేదు. ఆటో కోసం రోడ్డు వైపు చూస్తూ, "మమ్మల్ని స్టేజీ ఎక్కనియ్యలే గద మేడం" అంది.

ప్రోగ్రాం లిస్టు అనీ, టైము అనీ, గెస్టు అనీ ఏదో చెప్పబోయాను. ఆమె వినకుండానే, పనుందంటూ ఆటో ఎక్కింది. నేను ఆ లిస్టు చేతిలో పట్టుకుని గేటు దగ్గరే నిలబడిపోయాను. స్కూటీ మీద కూర్చున్న హిందీ మేడం నన్ను వెనక ఎక్కించుకుని, బస్టాండు దాకా నవ్వుతూనే ఉంది.