ఉడుంపట్టుకు క్లాంపు

మా బావతో ఏదైనా కొనడానికి వెళ్లడమంత శిక్ష ఇంకోటి లేదు. ఒక్క స్క్రూ కొనాలన్నా నాలుగు వైపులా తిప్పి చూస్తాడు, వాసన చూడడమొక్కటే తక్కువ.

ఆయన టర్నరు. ఫ్యాక్టరీలో అందరూ ఉడుంపట్టు అనేవారు. ఇనుప కడ్డీని వేలితో నొక్కిపట్టాడంటే ఇక కదిలేది కాదు. కదలకుండా పట్టడానికి క్లాంపు బిగించుకునేవాళ్లంటే ఆయనకు చులకన. ఫ్యాక్టరీ మూతపడ్డాక వెనక గదిలో మంచం తీయించి, ఇనుము చెక్కే పాత లేత్ యంత్రం ఒకటి దింపుకున్నాడు. మోటార్ల మెకానిక్‌కు పంపు షాఫ్టులు చేసివ్వడమే ఆ ఇంటికి ఆధారం. రోజూ సాయంత్రం నేనూ ఆ గదిలోనే చేరేవాణ్ణి. అక్క నాకు నిండుగా, ఆయనకు సగం గ్లాసు టీ ఇచ్చేది. మొగుడి దగ్గరే పిసినారితనమా అని ఆటపట్టిస్తే నవ్వి ఊరుకునేది.

ఈమధ్య షాఫ్టులు తిరిగొస్తున్నాయి. "ఊగుతున్నాయి మేస్త్రీ. ఈసారీ ఇంతే అయితే వేరేచోట చూసుకుంటాను," అని మెకానిక్ మొహమ్మీదే చెప్పాడు. బావ తప్పంతా వీ-బ్లాకుల మీదకు తోసేశాడు. షాఫ్టు దొర్లకుండా కూర్చోబెట్టి కొలవడానికి గాడి తీసిన ఉక్కు దిమ్మలవి. జతలో ఒకటి వెంట్రుకవాసి అరిగినా కొలత తప్పుతుంది.

"అరిగిపోయాయిరా. కొత్త జత తెస్తే అన్నీ సర్దుకుంటాయి," అన్నాడు. నేనూ నమ్మాను.

పనిముట్ల కొట్టులో నల్లరాతి పలక మీద ఒక జత పెట్టారు. బావ వాటిలో తిన్నని కడ్డీ కూర్చోబెట్టి, బొటనవేలితో నొక్కిపట్టి, పైన వెంట్రుకవాసి కదలికనైనా చూపే గేజు ఆనించాడు. గేజు ముల్లు వణికింది.

"తీసెయ్యండి. పనికిరాదు."

రెండో జతా అంతే, మూడోదీ అంతే. నాకు ఒళ్లు మండిపోతోంది. కొట్టాయన మాత్రం విసుక్కోలేదు. ఆయన బ్లాకుల వైపు చూడటం లేదు.

"ఒకసారి క్లాంపు వేసి చూద్దాం మేస్త్రీ."

"క్లాంపులు చేతకానివాళ్లకి."

"నా తృప్తి కోసం." ఆయనే మర బిగించాడు. "ఇప్పుడు చెయ్యి తియ్యండి."

ముల్లు ఆగిపోయింది.

పక్కన పెట్టించిన రెండు జతలనూ బావ మళ్లీ తీయించి, క్లాంపు వేసి చూశాడు. అన్నీ బాగానే ఉన్నాయి. చివరికి క్లాంపు తీసేసి, ఊపిరి బిగబట్టి బొటనవేలు ఆనించాడు. ముల్లు మళ్లీ వణికింది. అప్పుడు చూశాను ఆ చేతిని. రోజూ ఎదురుగా కూర్చునే నాకు ఇన్నాళ్లూ ఆ వణుకు కనబడలేదు. సిగ్గేసింది, భయమూ వేసింది. కొలిచేటప్పుడంటే క్లాంపు పట్టుకుంటుంది. లేత్ చక్రం తిప్పాల్సింది ఆ చెయ్యే కదా.

"ఈ జత ఇవ్వండి. క్లాంపులు కూడా," అన్నాడు బావ నెమ్మదిగా.

ఇంటికి రాగానే అక్క టీ తెచ్చి మా ముందు పెట్టింది. బావ తన గ్లాసు అందుకోలేదు. నా నిండు గ్లాసునూ, తన సగం గ్లాసునూ మార్చి మార్చి చూశాడు.

"నీకెప్పట్నుంచి తెలుసే?"

అక్క ఆ సగం గ్లాసును ఆయన వైపు జరిపింది.

"తాగండి, చల్లారిపోతుంది," అంది.